వయసు మళ్లిన పద్మిని కారు: కరెంటు లోపాల గుర్తింపు, నాగ్‌పాడాలో విడిభాగాల ఎంపిక

ముంబైలోని నాగ్‌పాడా కూడలి, దానిని ఆనుకొని ఉన్న కామాఠీపురా సరిహద్దు జిల్లాల కుటుంబాలకు కొత్త పేర్లు కావు. తెలుగు నేల నుంచి వలస వెళ్లి ఆ నగరపు కట్టడాలకు రాళ్లెత్తిన కామాఠీల పేరు మీదనే ఆ పేట వెలసింది. అక్కడి చాళ్లలో నివసించే బంధువులకు ఊరి నుంచి వెళ్లే కోరికలలో పాత కారు విడిభాగం కూడా ఒకటి. నాగ్‌పాడా నుంచి నడిచి వెళ్లగల దూరంలోనే మటన్ స్ట్రీట్ చోర్ బజారు ఉంది. కొత్త విడిభాగాలకు ఒపేరా హౌస్ ప్రాంతం, మీటర్లు, తీగల వంటి సామగ్రికి లామింగ్టన్ రోడ్డు దగ్గరలోనే ఉన్నాయి.

అయితే ఊరి నుంచి పంపిన డబ్బుతో కొన్న భాగం బిగించిన తరువాత కూడా కారు కదలకపోవడం సాధారణంగా జరిగే నష్టం. భాగం కొని లోపం వెతకడం కాదు, లోపం కనుగొని భాగం కొనడమే సరియైన క్రమం. పాత కారు కరెంటు లోపాలలో చాలా భాగం ఖరీదైన యంత్రంలో ఉండవు. వదులైన అతుకులో, చిలుము పట్టిన కొనలో, తుప్పు పట్టిన ఎర్త్ తీగలో ఉంటాయి. వాటికి కావలసినది ఉప్పుకాగితం, స్పానరు, కొంత ఓపిక. ఊళ్లలో మిగిలి ఉన్న ప్రీమియర్ పద్మిని కార్లను ఉదాహరణగా తీసుకొని ఆ క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కారు పరిచయం

ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించారు. ముంబై కుర్లాలోని ఆ సంస్థ కర్మాగారంలో ఇటలీ దేశపు ఫియాట్ కార్లు తయారయ్యాయి. ఇటలీలో 1953లో వెలువడిన ఫియాట్ 1100-103 ఈ వంశానికి మూలం. దానికి ‘టూరిస్మో వెలోచే’ అనే వేగపు రూపం కూడా ఉండేది. మన దేశంలోనూ మద్రాసు సమీపంలోని షోళవరం పందేలలో ఫియాట్ కార్లను మార్పులు చేసి పరుగెత్తించారు. 1964లో ఇక్కడ మొదలైన 1100 డి రకమే 1970లలో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయి, తరువాత ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకొంది. దాని పెట్రోలు ఇంజను నాలుగు సిలిండర్లది, 1089 సి.సి. సామర్థ్యం కలది. 1996లో 1366 సి.సి. డీజిలు రకం కూడా వచ్చింది.

ముంబై నలుపు-పసుపు టాక్సీలలో ఈ కారు దశాబ్దాల పాటు రాజ్యమేలింది. టాక్సీలకు విధించిన 20 ఏళ్ల వయోపరిమితి వలన 2023 అక్టోబరు చివరితో ఆ సేవ ముగిసింది. కర్మాగారంలో తయారీ అంతకు రెండు దశాబ్దాల ముందే ఆగిపోయింది. కాబట్టి నేడు ఈ కారుకు విడిభాగాలంటే మూడు వనరులే: దుకాణాల అటకల మీద మిగిలిన పాత నిల్వ, కొత్తగా తయారైన నకలు, విప్పిన కారు నుంచి తీసిన భాగం. ఈ మూడింటిలో దేనిని ఎప్పుడు కొనాలో తెలియడానికి ముందు లోపం తెలియాలి.

కావలసిన పరికరాలు, తీసుకోవలసిన జాగ్రత్తలు

రెండు పరికరాలు చాలు. మొదటిది మల్టీమీటరు. రెండవది టెస్ట్ ల్యాంపు, అంటే రెండు తీగలు కట్టిన 12 వోల్టుల బల్బు. పని మొదలుపెట్టే ముందు చేతి ఉంగరం, గడియారం తీసివేయాలి. బ్యాటరీ తీసేటప్పుడు ముందుగా ఎర్త్ కొనను విప్పాలి, బిగించేటప్పుడు దానిని చివరగా బిగించాలి. పద్మినిలో ఎర్త్ అయ్యేది మైనస్ కొన. కొన్ని పాత ఇంగ్లీషు కార్లలో ప్లస్ కొన ఎర్త్ అవుతుంది కనుక ఒక కారు అలవాటుతో మరొక కారు మీద చేయి వేయరాదు. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల నిషిద్ధం. చార్జింగ్ సమయంలో అది వెలువరించే వాయువు మండుతుంది.

మొదటి మెట్టు: బ్యాటరీ, ఎర్త్

రాత్రంతా నిలిపిన కారులో బ్యాటరీ కొనల వద్ద మీటరు 12.6 వోల్టుల దాపున చూపితే అది నిండుగా ఉన్నట్లు. 12.2 వద్ద సగం ఖాళీ అయినట్లు. 12 కంటే తక్కువైతే చార్జి చేయనిదే తదుపరి పరీక్షలకు అర్థం లేదు.

తరువాత సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంతకు పడిపోతుందో చూడాలి. ఇంజను స్టార్టు కాకుండా కాయిల్‌కు వచ్చే సన్న తీగను విప్పి, దాని కొన ఎక్కడా తగలకుండా చుట్టి ఉంచాలి. మరొకరి చేత తాళం తిప్పించి మీటరు చదవాలి. సుమారు 9.6 వోల్టుల కంటే దిగజారితే బ్యాటరీ బలహీనమైనా కావాలి, సెల్ఫ్ అధికంగా కరెంటు లాగుతున్నదైనా కావాలి.

ఇప్పుడు అసలైన పరీక్ష. మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్ గుండు మీద, మరొక కొనను ఇంజను లోహం మీద ఆనించి మళ్లీ సెల్ఫ్ కొట్టించాలి. మీటరు దాదాపు సున్నా చూపాలి. అర వోల్టు, అంతకు మించి చూపితే దోషం ఎర్త్ మార్గంలో ఉంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చొని ఉంటుంది కనుక దానికీ బాడీకీ మధ్య అల్లిక పట్టీ తప్పనిసరి. ఆ పట్టీ తెగినా, తుప్పు పట్టినా కరెంటు క్లచ్ తీగ, యాక్సిలరేటర్ తీగల గుండా దారి వెతుక్కొంటుంది. ఆ తీగలు వేడెక్కుతున్నాయంటే కారణం ఇదే. పట్టీ విప్పి, దాని కింద రంగునూ తుప్పునూ ఉప్పుకాగితంతో గీకి, మెరిసే లోహం మీద బిగించి, పైన కొద్దిగా గ్రీజు పూయాలి. సముద్రపు గాలిలో ఏళ్ల తరబడి తిరిగిన ముంబై బండ్లకు ఈ పని మొట్టమొదట చేయదగినది.

రెండవ మెట్టు: సెల్ఫ్

తాళం తిప్పినప్పుడు ఏ శబ్దమూ లేకపోతే హెడ్‌లైట్లు వేసి మళ్లీ తిప్పాలి. లైట్లు పూర్తిగా మసకబారితే బ్యాటరీ, దాని కొనలు, ఎర్త్ అనుమానించాలి. లైట్లు ఏ మాత్రం మారకపోతే కరెంటు సెల్ఫ్ దాకా చేరడం లేదు. తాళం స్విచ్చి, సోలినాయిడ్, వాటి మధ్య తీగ చూడాలి. ‘టిక్’ అనే ఒక్క శబ్దం మాత్రం వచ్చి ఆగితే సోలినాయిడ్ లోపలి రాగి బిళ్లలు కాలి ఉండవచ్చు, లేదా సెల్ఫ్ కార్బన్లు అరిగి ఉండవచ్చు. కార్బన్లు చిన్న ఖర్చు. వాటిని చూడకుండా సెల్ఫ్ మొత్తం మార్చడం వ్యర్థం. సెల్ఫ్ తిరుగుతూ ఇంజను తిరగకపోతే లోపం కరెంటుది కాదు, పళ్లచక్రానిది.

మూడవ మెట్టు: చార్జింగ్

పాత కార్లకు డైనమో, తరువాతి వాటికి ఆల్టర్నేటర్ ఉంటాయి. ఇంజను కొంత వేగంగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీ వద్ద 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. అంతకంటే తక్కువైతే చార్జి కావడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్ చెడి బ్యాటరీని ఉడికిస్తున్నది.

డైనమో కారులో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఎర్ర దీపం మినుకుమనడం దోషం కాదు. డైనమో స్వభావమే అంత. వేగం పెంచినప్పుడు ఆరిపోవాలి. ఆరకపోతే వరుసగా బెల్టు బిగువు, తీగల కొనలు, కార్బన్లు, చివరగా కటౌట్ పెట్టె చూడాలి. డైనమో లోపలి ఫీల్డు చుట్టను అదుపు చేసే పద్ధతి అన్ని తయారీలకూ ఒకటి కాదు. కనుక ఒక తయారీ డైనమోకు మరొక తయారీ కటౌట్ తగిలిస్తే రెండూ కాలే ప్రమాదం ఉంది. నాగ్‌పాడాలో కటౌట్ కొనేవారు డైనమో మీది పేరు, సంఖ్య తప్పక తీసుకొని వెళ్లాలి.

ఆల్టర్నేటర్ ఉన్న కారులో ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ కొన పీకి చూసే పాత అలవాటు మానుకోవాలి. డైనమో కాలంలో చెల్లిన ఆ పరీక్ష ఆల్టర్నేటర్ డయోడ్లను క్షణంలో చంపుతుంది.

నాలుగవ మెట్టు: ఇగ్నిషన్

డెల్కో లోపల పాయింట్, దానికి తోడుగా కండెన్సర్ ఉంటాయి. పాయింట్ నల్లబడి గుంటలు పడి, మార్చిన కొద్ది రోజులకే మళ్లీ కాలితే దోషం చాలా వరకు కండెన్సర్‌ది. పాయింట్ సందు ఆ కారు పుస్తకంలో చెప్పిన కొలతకే ఫీలర్ గేజితో కట్టాలి. పోస్టు కార్డు మందం, బ్లేడు మందం అనే కొలతలు దారిలో ఇల్లు చేరడానికి మాత్రమే పనికి వస్తాయి. ప్లగ్ తీగల వరుస 1-3-4-2. తీగలు విప్పే ముందు వాటికి అంకెలు వేసుకొంటే ఆ తరువాత గందరగోళం ఉండదు.

మధ్యాహ్నపు ఎండలో ఆగిపోయి, చల్లారిన తరువాత తిరిగి స్టార్టయ్యే కారు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఆగిన వెంటనే, చల్లారకముందే, ఒక ప్లగ్ విప్పి, పెట్రోలు ఆవిరికి ఎడంగా ఇంజను లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించి నిప్పురవ్వ చూడాలి. తీగను పొడి గుడ్డతో పట్టుకోవాలి. రవ్వ నీలంగా, గట్టిగా ఉంటే లోపం పెట్రోలు మార్గంలో ఉంది. రవ్వ లేకపోతే కాయిల్ లేదా కండెన్సర్ వేడికి లొంగిపోతున్నది. గంట తరువాత చేసే పరీక్షలో రెండూ బాగున్నట్లే కనిపిస్తాయి.

కాయిల్ కొనేటప్పుడు దాని రకం ముఖ్యం. నేరుగా 12 వోల్టులతో పనిచేసే కాయిల్ సన్న కొనల మధ్య సుమారు 3 ఓములు చూపుతుంది. విడిగా రెసిస్టర్ కావలసిన రకం దాదాపు అందులో సగమే చూపుతుంది. రెసిస్టర్ లేని కారుకు ఈ రెండవ రకం బిగిస్తే కాయిల్ కాగిపోతుంది, పాయింట్ మాడిపోతుంది. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. మీటరు ఒక్కటే తేడా చెప్పగలదు.

వానాకాలం ఉదయాన స్టార్టు కాని కారుకు డెల్కో మూత విప్పి లోపల పొడి గుడ్డతో తుడవాలి. మూత లోపల పెన్సిలు గీత వంటి నల్లని చార కనిపిస్తే అది పగులు. నిప్పురవ్వ ఆ చార వెంట పారిపోతుంది. మూత మార్చడమే దారి.

ఐదవ మెట్టు: దీపాలు, ఫ్యూజులు

బ్రేకు తొక్కితే వెనుక దీపాలన్నీ మసకబారడం, ఇండికేటర్‌తో పాటు పార్కింగ్ దీపం కూడా మినుకుమనడం దీపపు గిన్నె ఎర్త్ దోషానికి గుర్తులు. బల్బులు కొనే ముందు ఆ గిన్నె స్క్రూ కింద తుప్పు గీకి చూడాలి.

ఫ్యూజు కాలితే అదే అంకె గల ఫ్యూజు వేయాలి. మళ్లీ కాలితే ఎక్కడో తీగ ఒరుసుకొని బాడీకి తగులుతున్నది. టెస్ట్ ల్యాంపును ఫ్యూజు స్థానంలో తగిలించి, ఆ మార్గంలోని ఉపకరణాలను ఒక్కొక్కటిగా విప్పుతూ పోవాలి. దీపం ఆరిన చోట దోషం ఉంది. ఫ్యూజుకు బదులు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, రాగి తీగ కట్టడం ఇంటిల్లిపాది ప్రాణాలతో చెలగాటం. కాలవలసిన ఫ్యూజు కాలకపోతే తీగ కాలుతుంది. తీగ పక్కనే పెట్రోలు గొట్టం ఉంటుంది.

హెడ్‌లైట్లకు పెద్ద బల్బులు వేయాలనే మోజు కూడా ఇటువంటిదే. 45 వాట్ల బల్బులు రెండు కలిసి 12 వోల్టుల వద్ద 7.5 ఆంపియర్లు తీసుకొంటాయి. 100 వాట్లవి రెండు దాదాపు 16.7 ఆంపియర్లు తీసుకొంటాయి. ముప్పై, నలభై ఏళ్ల నాటి తీగ, స్విచ్చి రెండింతలకు మించిన ఆ భారాన్ని మోయలేవు. ఎదురుగా వచ్చేవారి కళ్లు చెదిరే అపాయం వేరు. వెలుగు తగ్గిందనిపిస్తే ముందు బల్బు హోల్డరు వద్ద వోల్టేజి చూడాలి. బ్యాటరీ వద్ద 12.5 ఉండి అక్కడ 10.5 మాత్రమే ఉంటే కావలసినది పెద్ద బల్బు కాదు, మంచి అతుకు, ఒక రిలే.

నాగ్‌పాడాలో కొనుగోలు

లోపం తేలిన తరువాత కొనుగోలు. ఏది కొత్తది కొనాలి, ఏది పాతది చాలు అనే విచక్షణ ఇలా ఉండాలి.

కొత్తవే కొనవలసినవి: పాయింట్, కండెన్సర్, రోటర్, ప్లగ్‌లు, ప్లగ్ తీగలు, బెల్టు, కార్బన్లు, ఫ్యూజులు, రబ్బరు భాగాలన్నీ.

పరీక్షించి పాతవి కొనదగినవి: సెల్ఫ్, డైనమో, డెల్కో బాడీ, స్విచ్చిలు, దీపపు గిన్నెలు, హారను, మీటర్ల పలక.

పాతది ఎన్నడూ కొనకూడనిది: వైరింగు కట్ట. విప్పిన బండి తీగల తొడుగు లోపల ఎక్కడ పెళుసుబారిందో కంటికి కనిపించదు. కొత్త తీగతో, పాత దాని మందానికి తగ్గకుండా కట్టించుకోవడమే క్షేమం.

పాత భాగాన్ని వెంట తీసుకొని వెళ్లడం అన్నిటికంటే మంచి పద్ధతి. ఆదిలాబాదు వైపు వారు నందిగ్రామ్, నిజామాబాదు వైపు వారు దేవగిరి రైలులో వెళ్లే బంధువు సంచిలో దానిని పంపవచ్చు. పంపలేనప్పుడు స్కేలు పక్కన పెట్టి నాలుగు వైపులా ఫోటోలు తీయాలి. పళ్లచక్రం పళ్ల సంఖ్య, బోల్టు రంధ్రాల మధ్య దూరం, భాగం మీద చెక్కిన సంఖ్య రాసి పంపాలి. ‘ప్రీమియర్ కారు’ అని మాత్రమే చెప్పరాదు. అదే సంస్థ చేసిన 118 ఎన్.ఈ. వేరే కారు, దాని ఇంజను నిస్సాన్ వంశానిది.

సెల్ఫ్ గానీ డైనమో గానీ చేతికి తీసుకొన్నప్పుడు ఇరుసును పట్టి పక్కలకు కదిలించాలి. ఆట ఎక్కువగా ఉంటే బుష్ అరిగింది. మాడిన వాసన వస్తే చుట్ట కాలింది. కార్బన్లు తగిలే రాగి భాగం లేత గోధుమ రంగులో నున్నగా ఉండాలి. నల్లని మచ్చలు, గాళ్లు ఉండరాదు. తరువాత దుకాణంలోని బ్యాటరీ మీద తిప్పి చూపమని అడగాలి. తిప్పి చూపడానికి వెనుకాడే దుకాణంలో కొనకపోవడమే మేలు.

అక్కడ చెల్లే మాటలు తెలిస్తే బేరం సులువవుతుంది. డిస్ట్రిబ్యూటర్‌ను డెల్కో అని, స్టార్టర్ మోటారును సెల్ఫ్ అని, రెగ్యులేటర్‌ను కటౌట్ అని అంటారు. పాత సరుకు హిందీలో ‘పురానా మాల్’, మరాఠీలో ‘జునా మాల్’. అసలుదా నకలా అని తెలుసుకోవడానికి ‘అస్లీ యా డూప్లికేట్’ అని అడగాలి. సరిపోకపోతే మార్చి ఇస్తారా అనడానికి మరాఠీలో ‘బదలూన్ మిళేల్ కా’ అనాలి. ఈ చివరి మాట డబ్బు చేతిలో పెట్టక ముందే అడగవలసినది.

మటన్ స్ట్రీట్ దుకాణాలకు శుక్రవారం సెలవు, ఆ రోజు అక్కడ వీధి సంత సాగుతుంది. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఉన్న ఏ భాగాన్నీ రశీదు, కాగితాలు లేకుండా కొనరాదు. ధర తక్కువని కొన్న అటువంటి భాగం పోలీసు స్టేషను దాకా నడిపించగలదు.

కాగితాల సంగతి

మహారాష్ట్ర నంబరు గల కారును తెలంగాణలో పన్నెండు నెలలకు మించి ఉంచితే 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఇక్కడి నంబరుకు మార్చుకోవాలి. అందుకు మొదటి ఆర్.టి.ఓ. కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. సొంత కారు రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లకు చెల్లుతుంది. తరువాత ఐదేసి ఏళ్లకు పునరుద్ధరించాలి. ఆ తనిఖీలో దీపాలు, హారను, బ్రేకు దీపం చూస్తారు కనుక పై మెట్లన్నీ అక్కడ కూడా అక్కరకు వస్తాయి. యాభై ఏళ్లు దాటిన కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నియమాలు 2021లో వచ్చాయి.

ముంబైలో సి.ఎన్.జి. అమర్చిన కారైతే సిలిండరుకు మూడేళ్లకొకసారి పీడన పరీక్ష తప్పనిసరి. ఊళ్లో గ్యాసు దొరకదని కిట్టు విప్పించేవారు ఆ మార్పును రిజిస్ట్రేషను పత్రంలో రాయించుకోవాలి. విప్పిన కిట్టు తీగల కొనలను గాలికి వదలకుండా మూలం దగ్గరే తొలగించాలి. అలా వదిలిన కొనలు తరువాతి షార్టులకు కారణమవుతాయి.

ముగింపు

తయారీ ఆగింది, టాక్సీలు వెళ్లిపోయాయి. విప్పడానికి బండ్లు లేనప్పుడు పాత భాగాల రాశి కూడా ఏటేటా తరుగుతుంది. కామాఠీపురా పాత ఇళ్లను మ్హాడా ద్వారా తిరిగి కట్టే ప్రణాళిక కూడా ముందుకు సాగుతున్నది. ఇరుకు సందుల దుకాణాలు ఎప్పటికీ ఇలాగే ఉంటాయని అనుకోవడానికి లేదు. కాబట్టి పద్మినిని నిలుపుకోదలచిన కుటుంబం ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. డైనమో, కాయిల్, సెల్ఫ్ మీది సంఖ్యలు, ఏ తీగ ఏ రంగుది, ఏ భాగం ఏ తేదీన మార్చినది అందులో రాయాలి. తీసిన భాగాన్ని పాత ఇనుముకు వేయకుండా దాచాలి. రేపు నకలు చేయించాలన్నా, కార్బన్లు మార్చి తిరిగి వాడాలన్నా నమూనాగా నిలిచేది అదే. ఒక సెల్ఫ్, ఒక కాయిల్, రెండు కండెన్సర్లు, ఒక డెల్కో మూత దొరికినప్పుడే కొని ఇంట్లో ఉంచుకోవడం దుబారా కాదు. అయితే అవి కూడా లోపం తేలిన తరువాతనే పెట్టెలోంచి బయటికి రావాలి.